హోలోగ్రాఫిక్ మైక్రోస్కోప్‌తో కణం లోతు కొలవడం ఎలా: మొదటి వలయం నుంచి చివరి సరిచూపు దాకా

నీటిలో తేలే సూక్ష్మ కణాల కదలికల గ్రాఫ్ ఏది చూపించినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "అడ్డం, నిలువు సరే, లోతు ఎలా తెలిసింది?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసి విసుగెత్తి, పద్ధతి మొత్తం ఒకేచోట పెడుతున్నాను. మైక్రోస్కోప్ వాడటం కాస్త తెలిసి, పైథాన్‌లో నాలుగు లైన్లు రాయగలిగితే చాలు.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిద్దాం. లేజర్ కాంతిలో కొంత భాగం కణాన్ని తాకి చెదురుతుంది, మిగతాది తాకకుండా నేరుగా వస్తుంది. ఈ రెండూ కెమెరా దగ్గర కలిసినప్పుడు కణం చుట్టూ వెలుగునీడల వలయాలు ఏర్పడతాయి. అదే హోలోగ్రామ్. కణం ఫోకస్ తలానికి (మైక్రోస్కోప్ స్పష్టంగా చూపే పొరకు) దూరమయ్యేకొద్దీ వలయాలు విచ్చుకుంటాయి, దగ్గరయ్యేకొద్దీ ముడుచుకుంటాయి. వలయాల మధ్యబిందువు ఎక్స్, వై (అడ్డం, నిలువు) చెబుతుంది, వాటి ఎడం జెడ్ (లోతు) చెబుతుంది. ఈ ఆలోచన డెనిస్ గేబర్‌ది. 1948లో ఆయన దీన్ని ప్రచురించింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ను మెరుగుపరచాలని. నోబెల్ బహుమతి 1971లో వచ్చింది. మనకు కావలసినంత సిద్ధాంతం ఇంతే.

కావలసినవి

మైక్రోస్కోప్: ఆబ్జెక్టివ్ కింద, కాంతి పైన ఉండే ఇన్వర్టెడ్ రకం హాయి. మామూలుదైనా పనికొస్తుంది, దిక్కులు తలకిందులవుతాయని గుర్తుంటే చాలు.

లేజర్: కంటికి కనిపించే రంగు, 1 నుంచి 5 మిల్లీవాట్లు. హీలియం-నియాన్ అయితే తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లని కళ్లు మూసుకుని రాసుకోవచ్చు. డయోడ్ లేజర్ అయితే దాని మీద రాసినదానికీ అసలుదానికీ కొన్ని నానోమీటర్ల తేడా ఉండొచ్చు. వీలుంటే స్పెక్ట్రోమీటర్‌తో ఒకసారి చూసుకోండి.

సింగిల్‌మోడ్ ఫైబర్ (లేజర్ వెలుగును శుభ్రంగా తెచ్చే సన్నని గాజు తీగ), దాని చివర కొలిమేటర్ (వెలుగును సమాంతర పుంజంగా మార్చే లెన్స్). ఫైబర్ లేకపోతే లెన్స్, పిన్‌హోల్ పెట్టి కాంతిపుంజాన్ని శుభ్రం చేసుకోండి. ఈ రెండూ లేకుండా లేజర్‌ను నేరుగా పంపితే చిత్రమంతా మచ్చలే.

ఆబ్జెక్టివ్: నీటిలోని కణాలకు 60 రెట్ల వాటర్ ఇమ్మర్షన్ (లెన్స్‌కూ గాజుకూ మధ్య నీటి చుక్క పెట్టేది) ఉత్తమం. 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ (నీటికి బదులు నూనె) కూడా బాగానే పనిచేస్తుంది, కానీ దానితో వచ్చే తిరకాసు ఒకటుంది, పదో మెట్టులో చెబుతాను. నేర్చుకోవడానికి 40 రెట్ల డ్రై లెన్స్ చాలు.

కెమెరా: నలుపు-తెలుపుది, గ్లోబల్ షట్టర్ ఉన్నది. రోలింగ్ షట్టర్ కెమెరాలో పై వరుసకూ కింది వరుసకూ మధ్య సమయం జారిపోతుంది, కదిలే కణం వలయాలు వంకరపోతాయి.

కణాలు: మొదటిసారి తప్పనిసరిగా పరిమాణం తెలిసిన పాలిస్టైరీన్ (ఒక రకం ప్లాస్టిక్) గోళాలతో మొదలుపెట్టండి. 1 మైక్రాన్ లేదా 2 మైక్రాన్ల వ్యాసం మంచిది. నేరుగా బ్యాక్టీరియాతోనో, మీ సొంత పొడితోనో మొదలుపెడితే తప్పు పద్ధతిలో ఉందో కణంలో ఉందో ఎప్పటికీ తేలదు.

వీటితోపాటు 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్‌లు, స్టేజ్ మైక్రోమీటర్ (తెలిసిన ఎడంలో గీతలున్న గాజు స్కేలు), శాంపిల్ దగ్గర పెట్టగల థర్మామీటర్. థర్మామీటర్ ఎందుకని నవ్వకండి, చివర్లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే పైథాన్‌లో హోలోపై, ట్రాక్‌పై అనే ఉచిత ప్యాకేజీలు రెండూ ఉంటే సగం పని అయిపోయినట్టే.

లేజర్ లేనివాళ్లు దాదాపు ఒకే రంగును వదిలే ఫిల్టర్ (నారోబ్యాండ్), పిన్‌హోల్ పెట్టిన ఎల్‌ఈడీ వాడొచ్చు. వలయాలు తక్కువ కనిపిస్తాయి, కొలవగల లోతు తగ్గుతుంది. బదులుగా లేజర్ మచ్చల పీడ చాలామటుకు వదులుతుంది.

1. కాంతి దారి సిద్ధం చేయండి

ముందుగా ఐపీస్‌లు తీసేయండి, లేదా వాటికి మూతలు పెట్టండి. లేజర్ వెలుగుతుండగా ఐపీస్‌లో కన్ను పెట్టకూడదు. 1 మిల్లీవాటే కదా అనుకోవద్దు. ఆబ్జెక్టివ్, ఐపీస్ కలిసి ఆ వెలుగును కంటిలో ఎక్కడ పోగుచేస్తాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. చూసేదంతా తెర మీదే.

కండెన్సర్ తీసేసి ఆ చోట కొలిమేటర్ బిగించండి. పుంజం శాంపిల్ మీద నిట్టనిలువుగా పడాలి. ఖాళీ స్లయిడ్ పెట్టి తెర మీద చూస్తే వెలుగు మధ్యలో ఎక్కువగా, అంచులకు నెమ్మదిగా తగ్గుతూ కనిపించాలి. పుంజం వాలి ఉంటే కణాల వలయాలు ఒకవైపు సాగినట్టు, కోడిగుడ్డు ఆకారంలో వస్తాయి. ఆ దశలోనే సరిచేసుకోండి. తర్వాత ప్రోగ్రాంలో సరిచేద్దామనుకుంటే అది తీరే పని కాదు.

లేజర్ వెలిగించాక అరగంట ఆగండి. వేడెక్కేటప్పుడు లేజర్ వెలుగూ మారుతుంది, మైక్రోస్కోప్ లోహమూ వ్యాకోచిస్తుంది.

2. పిక్సెల్ కొలత తేల్చుకోండి

కెమెరా పిక్సెల్ పరిమాణాన్ని ఆబ్జెక్టివ్ రెట్లతో భాగించి ఆ సంఖ్య వాడేస్తారు చాలామంది. వద్దు. ఆబ్జెక్టివ్ మీద రాసిన రెట్లు ట్యూబ్ లెన్స్‌ను (మైక్రోస్కోప్ లోపల ఆబ్జెక్టివ్ తర్వాత ఉండే లెన్స్) బట్టి మారతాయి. స్టేజ్ మైక్రోమీటర్ పెట్టి, దూరంగా ఉన్న రెండు గీతల మధ్య పిక్సెళ్లు లెక్కించండి. పక్కపక్క గీతలు తీసుకుంటే పొరపాటు పెద్దదవుతుంది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి.

ఇక్కడ ఇంత పట్టుబట్టడానికి కారణముంది. వలయం వ్యాసార్థం వర్గాన్ని బట్టి లోతు తేలుతుంది. పిక్సెల్ కొలతలో 3 శాతం తప్పు ఉంటే ఎక్స్, వైలలో 3 శాతమే తప్పు వస్తుంది గానీ, జెడ్‌లో 6 శాతం వస్తుంది.

ఇంకో లెక్క: తరంగదైర్ఘ్యాన్ని ఆబ్జెక్టివ్ ఎన్‌ఏతో (న్యూమరికల్ అపెర్చర్, లెన్స్ ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టుకోగలదో చెప్పే సంఖ్య) భాగిస్తే చిత్రంలో రాగల అతి సన్నని వలయాల ఎడం వస్తుంది. 632.8 నానోమీటర్లు, 1.2 ఎన్‌ఏ అయితే అది సుమారు 0.53 మైక్రాన్లు. శాంపిల్ దగ్గర లెక్కవేసిన పిక్సెల్ అందులో సగం కంటే చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే బయటి వలయాలు వింత గళ్లుగా మారి ప్రోగ్రాంను తప్పుదారి పట్టిస్తాయి.

3. శాంపిల్ తయారు చేయండి

అందరూ చేసే తప్పు కణాలు ఎక్కువ వేయడం. 1 శాతం గాఢత ఉన్న 1 మైక్రాన్ కణాల ద్రావణాన్ని వెయ్యి రెట్లు పలచన చేయండి. అప్పుడు 100 మైక్రాన్ల పొడవు, 100 వెడల్పు, 50 లోతు ఉన్న చోటులో సుమారు పది కణాలుంటాయి. అది కూడా కాస్త ఎక్కువే. మొదటిసారి ఇంకో అయిదు రెట్లు పలచన చేసి, తెర మీద ఒకటో రెండో కణాలుండేలా చూసుకోండి. బాటిల్‌ను ముందు బాగా కుదపండి, వీలైతే కాసేపు అల్ట్రాసానిక్ బాత్‌లో పెట్టండి. జంటగా అతుక్కున్న కణాలు దూరం నుంచి ఒకే కణంలా కనిపించి మోసం చేస్తాయి.

స్లయిడ్ మీద రెండువైపులా అంటుకునే టేప్ ముక్కలు రెండు పెట్టి, మధ్యలో చుక్క వేసి, కవర్‌స్లిప్ మూసి, అంచులన్నీ సీలు చేయండి. ఒక్క మూల తెరిచి ఉన్నా నీరు ఆవిరై లోపల ప్రవాహం మొదలవుతుంది. కణాలన్నీ ఊరేగింపులా ఒకే దిక్కుకు పోతుంటే కారణం అదే. గోళ్ల రంగుతో సీలు చేసేవాళ్లు అది లోపలికి పాకకుండా చూడాలి, అందులోని ద్రావకం పాలిస్టైరీన్‌ను పాడుచేస్తుంది.

ఇదే ద్రావణంలో కొంత తీసి ఉప్పు కలిపి రెండో స్లయిడ్ చేయండి. ఉప్పు ఉంటే కణాలు గాజుకు అంటుకుపోతాయి. కదలని ఈ కణాలు సరిచూసుకోవడానికి అక్కరకొస్తాయి.

4. ఫోకస్‌ను కావాలనే తప్పించండి

మామూలు మైక్రోస్కోపీ అలవాటున్నవాళ్లకు ఈ మెట్టే కష్టం. కణాన్ని స్పష్టంగా చూడాలని చేయి దానంతటదే నాబ్ మీదికి పోతుంది. ఇక్కడ స్పష్టంగా కనిపించే కణంతో పని లేదు.

ముందు అడుగు గాజుకు అంటుకున్న కణాన్నో, చిన్న గీతనో ఫోకస్ చేయండి. అక్కడి నుంచి ఫోకస్ తలాన్ని ఆబ్జెక్టివ్ వైపు 10, 15 మైక్రాన్లు జరపండి. కణాలన్నీ ఇప్పుడు ఆ తలానికి ఒకే పక్కన ఉంటాయి, చక్కని వలయాలు కనిపిస్తాయి.

ఒకే పక్కన అని నొక్కి చెప్పడానికి కారణం: ఫోకస్ తలానికి 20 మైక్రాన్లు పైన ఉన్న కణం, 20 మైక్రాన్లు కింద ఉన్న కణం దాదాపు ఒకే వలయాలు చూపిస్తాయి. కెమెరా కాంతి తీవ్రతనే పట్టుకుంటుంది గానీ దశను (కాంతి అల ఏ ఘట్టంలో ఉందో) కాదు కాబట్టి ఏది పైనో ఏది కిందో లెక్కకు తెలియదు. కణం ఫోకస్ తలాన్ని దాటితే, మీ గ్రాఫ్‌లో అది నేలకు తగిలిన బంతిలా వెనక్కి ఎగిరినట్టు కనిపిస్తుంది.

మరీ దగ్గరా వద్దు, మరీ దూరమూ వద్దు. 10 మైక్రాన్ల కంటే దగ్గరైతే లెన్స్ ప్రభావం లెక్కలో చొరబడుతుంది, వలయాలూ సరిపడా ఉండవు. మరీ దూరమైతే వలయాలు తెర దాటిపోతాయి, మసకబారతాయి. 15 నుంచి 60 మైక్రాన్ల మధ్య పని చేయడం నాకు నప్పింది.

5. రికార్డు చేయండి

ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్ ఆపేయండి. గామా 1 దగ్గర పెట్టండి. 8 బిట్ల కెమెరాలో అత్యంత వెలుగున్న పిక్సెల్ 200, 220 దాటకుండా చూడండి. 255 తాకిన పిక్సెల్ ఇక కొలతకు పనికిరాదు.

ఎక్స్‌పోజర్ సమయం 1 మిల్లీసెకను లోపు ఉండాలి. గది వేడిలో నీటిలోని 1 మైక్రాన్ కణం 1 మిల్లీసెకనులో ఒక్కో దిశలో సుమారు 30 నానోమీటర్లు కదులుతుంది. 10 మిల్లీసెకన్లయితే 100 నానోమీటర్లు. చిత్రం చెదిరితే బయటి సన్నని వలయాలు ముందు చెరిగిపోతాయి. లోతు బాగా చెప్పేవి అవే.

సెకనుకు 100 ఫ్రేములు, 2000 ఫ్రేములు మొదటి ప్రయోగానికి సరిపోతాయి. 1024 పిక్సెళ్ల చదరపు చిత్రాలైతే సుమారు 2 గిగాబైట్లు. ఆ సైజు చూసి వీడియో కంప్రెషన్ జోలికి పోకండి. కంటికి కనిపించని సన్నని తేడాలను పారేయడమే కంప్రెషన్ పని, మనకు కావలసింది సరిగ్గా ఆ తేడాలే. టిఫ్ ఫైళ్లుగానో, ముడి రూపంలోనో దాచండి.

రికార్డు మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు ఉష్ణోగ్రత రాసుకోండి.

6. బ్యాక్‌గ్రౌండ్‌తో భాగించండి

కాంతిలో ఉన్న మచ్చలు, లెన్స్ మీది దుమ్ము, గాజు పొరల మధ్య ప్రతిఫలనాలు ప్రతి ఫ్రేములోనూ ఉంటాయి. ఖాళీ చిత్రంతో భాగిస్తే అవి పోతాయి. ఒప్పైన క్రమం ఇది: లేజర్ ఆపి డార్క్ ఫ్రేమ్ తీయండి. దాన్ని కణం ఉన్న చిత్రం నుంచీ ఖాళీ చిత్రం నుంచీ తీసేసి, అప్పుడు మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఫలితంలో కణం లేని చోట విలువ 1 చుట్టూ ఉండాలి. కొందరు భాగించకుండా తీసివేస్తారు. మధ్యలో వెలుగు ఎక్కువ, అంచున తక్కువ ఉన్నప్పుడు తీసివేత ఆ వంపును సరిచేయదు.

ఖాళీ చిత్రం ఎలా వస్తుంది? రికార్డు చేసిన ఫ్రేములన్నిటి మీడియన్ (ఒక్కో పిక్సెల్ విలువలను వరసలో పెడితే మధ్యలో వచ్చేది) తీసుకోమని ఎక్కడ చూసినా చెబుతారు. అందులో ఉచ్చు ఉంది. 1 మైక్రాన్ కణం సెకనులో సుమారు 1 మైక్రాన్ జరుగుతుంది గానీ, 20 సెకన్లలో 20 మైక్రాన్లు జరగదు. యాదృచ్ఛిక నడక కాబట్టి నాలుగున్నరే జరుగుతుంది. వలయాల వెడల్పేమో అంతకు ఎన్నో రెట్లు. కణం తన వలయాల చోటు దాటిపోకముందే మీడియన్ తీస్తే కణం నీడ బ్యాక్‌గ్రౌండ్‌లో చేరిపోతుంది, భాగించినప్పుడు కణాన్ని తనలోంచి తానే కొంత చెరిపేసుకున్నట్టవుతుంది. అంటుకుపోయిన కణమైతే పూర్తిగా మాయం!

అందుకని స్టేజ్‌ను జరిపి కణాలు లేని చోట 100 ఫ్రేములు తీసి వాటి మీడియన్ వాడండి. లేదా స్టేజ్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పది పన్నెండు చోట్ల తీయండి. లేజర్ నెమ్మదిగా మారుతుంటుంది కాబట్టి ప్రతి కొన్ని నిమిషాలకు కొత్త బ్యాక్‌గ్రౌండ్ తీసుకోవడం మంచిది.

7. కేంద్రం పట్టుకోండి

వలయాల మధ్యబిందువును కనుక్కునే ఫంక్షన్ హోలోపైలో ఉంది. ప్రతి పిక్సెల్ దగ్గర వెలుగు ఏ దిక్కున మారుతోందో చూసి, ఆ గీతలన్నీ ఎక్కడ కలుస్తాయో లెక్కిస్తుంది. కణం అంచుకు దగ్గరగా ఉండి సగం వలయాలు తెర బయట ఉంటే కేంద్రం పక్కకు జారుతుంది. అలాంటి ఫ్రేములను మొహమాటం లేకుండా వదిలేయండి.

సరిచూపు: అన్ని ఫ్రేముల కేంద్రాల దశాంశ భాగాన్ని మాత్రమే తీసి హిస్టోగ్రామ్ గీయండి. 0 నుంచి 1 దాకా సమంగా పరుచుకోవాలి. 0 దగ్గరో, 0.5 దగ్గరో గుట్టలు కనిపిస్తే ప్రోగ్రాం పిక్సెల్ మధ్యకే మొగ్గు చూపుతోందన్నమాట.

8. లోతు తీయండి

దారులు రెండు. మొదటిది వెనక్కి నడిపించడం: హోలోగ్రామ్‌ను తీసుకుని, కాంతిని లెక్కలో వెనక్కి పంపుతూ 0.1 లేదా 0.2 మైక్రాన్ల చొప్పున ఒక్కో తలంలో చిత్రం ఎలా ఉండేదో కట్టుకుంటూ పోతారు. కేంద్రం దగ్గర వెలుగు ఏ తలంలో గరిష్ఠమో అదే కణం లోతు. గరిష్ఠం చుట్టూ ఉన్న నాలుగైదు బిందువులకు పారాబోలా సరిపెట్టి అడుగుల మధ్య విలువ తీయండి. ఈ లెక్కలో వాడే ఫూరియర్ మార్పుకు (చిత్రాన్ని అలలుగా విడదీయడానికి) ముందు చిత్రం నుంచి 1 తీసివేయండి, లేకపోతే అంచుల నుంచి లేని అలలు లోపలికి వస్తాయి.

ఈ దారి వేగమైనది, కణం ఏ ఆకారంలో ఉన్నా నడుస్తుంది. లోపం ఏమిటంటే, కణం తానే చిన్న లెన్స్‌లా పనిచేసి వెలుగును తనకు కొంచెం ముందు పోగుచేస్తుంది. కాబట్టి తేలిన లోతుకూ అసలు లోతుకూ దాదాపు స్థిరమైన తేడా ఉంటుంది. కదలికలు కొలిచేవాళ్లకు దానితో ఇబ్బంది లేదు. గోడకు ఎంత దూరమని అడిగేవాళ్లకు ఉంది.

రెండో దారి సరిపెట్టడం. గోళం కాంతిని ఎలా చెదరగొడుతుందో లోరెంజ్-మీ సిద్ధాంతం పూర్తిగా చెబుతుంది. ఎక్స్, వై, జెడ్, వ్యాసార్థం, వక్రీభవన గుణకం మారుస్తూ లెక్కలో వచ్చే హోలోగ్రామ్ కెమెరా చిత్రానికి సరిపోయేదాకా ప్రోగ్రాం వెతుకుతుంది. నానోమీటర్ల స్థాయి ఖచ్చితత్వం ఈ దారిలోనే వస్తుంది. మొదటి అంచనాలు మీరే ఇవ్వాలి: జెడ్‌ను మొదటి దారి నుంచి తీసుకోండి, వ్యాసార్థం సీసా మీద రాసిన వ్యాసంలో సగం, గుణకం పాలిస్టైరీన్‌కు 1.59. లేజర్ ధ్రువణ దిశను (కాంతి అల ఊగే దిక్కును) కూడా ప్రోగ్రాం అడుగుతుంది, ఊహించి రాయకుండా పోలరైజర్ తిప్పి చూసి రాయండి.

సరిపెట్టడం నిదానంగా సాగే పని. చిత్రంలోని పిక్సెళ్లన్నీ వాడకుండా, యాదృచ్ఛికంగా ఎంచిన కొద్ది శాతం పిక్సెళ్లతో నడపండి. ఖచ్చితత్వం పెద్దగా తగ్గదు, సమయం బాగా తగ్గుతుంది. మొదటి యాభై ఫ్రేములలో వ్యాసార్థం, గుణకం తేలాక వాటిని స్థిరంగా ఉంచి మిగతా ఫ్రేములకు ఎక్స్, వై, జెడ్ మాత్రమే వెతికించండి. ఒక ఫ్రేము జవాబు తర్వాతి ఫ్రేముకు మొదటి అంచనా అవుతుంది.

ఏ దారిలో వెళ్లినా ఒక సంఖ్య దగ్గర ఆగండి: తరంగదైర్ఘ్యం. లేజర్ మీద ఉన్నది గాలిలోది. కాంతి ప్రయాణిస్తున్నది నీటిలో, అక్కడ అది 1.33 రెట్లు పొట్టి. 632.8 కాస్తా సుమారు 475 నానోమీటర్లవుతుంది. కొన్ని ప్రోగ్రాంలు గాలిలో విలువనూ ద్రవ గుణకాన్నీ విడిగా అడిగి తామే భాగించుకుంటాయి. మరికొన్ని మీరు భాగించి ఇస్తారని ఎదురుచూస్తాయి. మీది ఏ రకమో చదివి తెలుసుకోండి. నేను ఒకసారి భాగించకుండా ఇచ్చాను. లోతు దిశలో కణాలు నెమ్మదిగా కదులుతున్నాయని కనిపించింది. దానికి కారణం ఏ కొత్త భౌతికశాస్త్రమోనని రెండు వారాలు కాగితాలు నింపాను.

9. జాడ కలపండి

ఇప్పుడు ప్రతి ఫ్రేములో కొన్ని బిందువులున్నాయి. ఏది ఏ కణమో కలపడానికి ట్రాక్‌పై ఉంది. అది అడిగే ముఖ్యమైన సంఖ్య, రెండు ఫ్రేముల మధ్య కణం గరిష్ఠంగా ఎంత జరగగలదని. సెకనుకు 100 ఫ్రేములు, 1 మైక్రాన్ కణం అయితే సగటు కదలిక ఒక్కో దిశలో 0.1 మైక్రాన్. దానికి అయిదు రెట్లు, 0.5 మైక్రాన్ ఇస్తే సరిపోతుంది. తక్కువ ఇస్తే జాడలు ముక్కలవడమే కాదు, పెద్ద అడుగులన్నీ రాలిపోయి కణం నెమ్మదైనట్టు కనిపిస్తుంది. ఎక్కువ ఇస్తే ఒక కణం జాడ పక్కదానికి అతుక్కుంటుంది. ఎక్స్, వైలు పిక్సెళ్లలో, జెడ్ మైక్రాన్లలో ఉంచి కలిపేవాళ్లను చూశాను. మూడూ మైక్రాన్లలోకి మార్చాకే కలపండి.

10. నమ్మే ముందు సరిచూడండి

అంటుకున్న కణం పరీక్ష: ఉప్పు స్లయిడ్ పెట్టి 500 ఫ్రేములు తీయండి. కణం కదలదు కాబట్టి కనిపించే కదలికంతా మీ కొలతలోని పొరపాటే. ఎక్స్, వై కంటే జెడ్‌లో ఎక్కువ ఉండటం మామూలే. జెడ్ ఒకే దిక్కుకు నెమ్మదిగా జారుతుంటే మైక్రోస్కోప్ ఇంకా వేడెక్కుతోంది.

మెట్ల పరీక్ష: పీజో స్టేజ్ (శాంపిల్‌ను విద్యుత్తుతో అతి సన్నగా జరిపే వేదిక) ఉంటే ఆ కణాన్ని 1 మైక్రాన్ చొప్పున పది మెట్లు జరిపి, జరిపిన దూరానికీ కొలిచిన జెడ్‌కూ గ్రాఫ్ గీయండి. వాటర్ ఇమ్మర్షన్‌తో వాలు 1 రావాలి. ఆయిల్ ఇమ్మర్షన్‌తో 0.88 దగ్గర వస్తే కంగారు పడకండి. స్టేజ్ జరిగినప్పుడు మారేది నూనె పొర మందం, మీ లెక్క నడిచేది నీటిలో. 1.33ను 1.52తో భాగిస్తే వచ్చేది అదే. పెద్ద ఎన్‌ఏల దగ్గర కొంచెం అటూఇటూ అవుతుంది. నేను ముందు చెప్పిన తిరకాసు ఇక్కడే: ఈ 0.88 చూసి, నీటిలో స్వేచ్ఛగా తిరిగే కణాల జెడ్‌ను కూడా దానితో సరిచేసేస్తారు. చేయకూడదు. అక్కడ ఫోకస్ కదలలేదు, కదిలింది నీటిలో కణం. ఆ కొలత ఉన్నదున్నట్టు సరైనదే.

బ్రౌనియన్ పరీక్ష: నన్నడిగితే మిగతావన్నీ మానేసినా ఇది మానకూడదు. దీనికి ఖర్చు లేదు, పీజో అక్కర్లేదు. నీటి అణువుల తాకిడికి దిక్కుల పక్షపాతం లేదు కాబట్టి, స్వేచ్ఛగా తేలే కణం మూడు దిశల్లోనూ ఒకేలా కదలాలి. ఒక్కో అక్షానికి సగటు వర్గ స్థానభ్రంశం, వాడుకలో ఎంఎస్‌డి, లెక్కించి కాలానికి ఎదురుగా గీయండి. మూడు గీతలూ ఒకే వాలుతో రావాలి. ఆ వాలులో సగం విసరణ గుణకం (కణం ఎంత త్వరగా చెల్లాచెదురుగా జరుగుతుందో చెప్పే సంఖ్య). 1 మైక్రాన్ వ్యాసం ఉన్న గోళానికి నీటిలో 25 డిగ్రీల దగ్గర అది సెకనుకు 0.49 చదరపు మైక్రాన్లు, 20 డిగ్రీల దగ్గర 0.43. అయిదు డిగ్రీలకే ఇంత తేడా, థర్మామీటర్ అందుకే. 2000 ఫ్రేముల ఒక్క జాడతో మూడు నాలుగు శాతం ఊగిసలాట సహజం.

గీతలు కలవకపోతే ఎలా కలవలేదన్నదే రోగం చెబుతుంది:

జెడ్ వాలు మిగతావాటిలో 56 శాతం దగ్గర ఉంటే నీటి గుణకంతో తరంగదైర్ఘ్యాన్ని భాగించలేదు. లోతు 0.75 రెట్లకు తగ్గింది, వర్గంలో అది 0.56. నా రెండు వారాల భౌతికశాస్త్రం ఇదే.

మూడు వాలులూ ఎక్కువగా ఉండి, ఎక్స్, వై 6 శాతం, జెడ్ 12 శాతం పెరిగితే పిక్సెల్ కొలత 3 శాతం తప్పు. జెడ్‌లో తప్పు రెట్టింపు అవడమే దాని గుర్తు.

మూడూ సమానంగా ఎక్కువో తక్కువో ఉంటే పద్ధతి బాగానే ఉంది. ఉష్ణోగ్రతో, కణం పరిమాణమో మీరనుకున్నది కాదు.

మూడూ తగ్గి, వాటిలో జెడ్ ఇంకా ఎక్కువగా తగ్గితే కణం గాజుకు దగ్గరగా ఉంది. 1 మైక్రాన్ కణం మధ్యబిందువు గాజుకు 5 మైక్రాన్ల దూరంలో ఉన్నా గోడ వెంట కదలిక 6 శాతం, గోడకు ఎదురుగా 11 శాతం మందగిస్తుంది. మధ్య లోతులో ఉన్న కణాన్ని తీసుకుని మళ్లీ చూడండి.

గీత తిన్నగా పోకుండా పైకి వంగితే ద్రవంలో ప్రవాహం ఉంది, సీలు చూడండి. వాలు సరిగ్గా ఉండి గీత సున్నా దగ్గర కాక కొంచెం పైన మొదలైతే అది కొలతలోని గజిబిజి, అంటుకున్న కణం పరీక్షలో వచ్చిన దానితో పోల్చండి. కింద మొదలైతే ఎక్స్‌పోజర్ ఎక్కువైంది.

ఇంకా తరచూ అడిగేవి

"జెడ్ పెరుగుతోందంటే కణం పైకి వెళ్తోందా కిందికా?" 2 మైక్రాన్ల సిలికా గోళాలు కొన్ని వేసి చూడండి. సాంద్రత నీటికి రెట్టింపు అనుకుంటే సెకనుకు సుమారు రెండున్నర మైక్రాన్ల చొప్పున దిగుతాయి. ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్‌లో దిగే కణం వలయాలు ముడుచుకోవాలి. గ్రాఫ్‌లో అది పైకెక్కుతుంటే గుర్తు తిరగబడింది. పాలిస్టైరీన్‌తో ఈ పరీక్ష కుదరదు, అదే సైజు గోళం సెకనుకు 0.13 మైక్రాన్లే దిగుతుంది, బ్రౌనియన్ ఊగులాటలో ఆ కాస్తా కనిపించదు.

"రెండు కణాల వలయాలు కలిసిపోతే?" కొద్దిగా కలిస్తే రెండు గోళాలను కలిపే సరిపెట్టండి, హోలోపైలో వీలుంది. ఒకదాని కేంద్రం మీద ఇంకొకటి ఎక్కితే ఆ ఫ్రేములు పోయినట్టే. పలచన చేయడమే మందు.

"గోళాలు కాని కణాలైతే?" లోరెంజ్-మీ పక్కనపెట్టి వెనక్కి నడిపించే దారి పట్టండి. ఖచ్చితత్వం తగ్గుతుంది, జాడ మాత్రం చక్కగా వస్తుంది. బ్యాక్టీరియా లాంటివి తమంతట తాము ఈదుతాయి కాబట్టి వాటిమీద బ్రౌనియన్ పరీక్ష నడవదు. అదే అమరికలో ముందు గోళాలతో పరీక్ష చేసి, ఏమీ కదపకుండా శాంపిల్ మార్చండి.

"సరిపెట్టిన జవాబులో వ్యాసార్థం, గుణకం ఫ్రేము ఫ్రేముకూ ఎదురెదురుగా ఊగుతున్నాయి, ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతోంది." చిన్న కణాలకు ఆ రెండూ ఒకదాని తప్పును ఇంకొకటి కప్పిపుచ్చగలవు. బయటి వలయాలు మరికొన్ని లెక్కలోకి వచ్చేలా కత్తిరించిన చదరాన్ని పెద్దది చేయండి. అప్పటికీ ఆగకపోతే గుణకాన్ని 1.59 దగ్గర కట్టేసి వ్యాసార్థాన్ని మాత్రమే వదలండి.